మగ్గం గుంటలోకి చెప్పులు

మంగళగిరిలో నందం కోటిలింగం అనే నేతగాడు ఉండేవాడు. పనిమంతుడే గానీ, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ముందు అతనికి తన ఒళ్లు కూడా లెక్కలోకి వచ్చేది కాదు.

అతనికి పన్నెండేళ్లుగా చక్కెర జబ్బు. అరికాళ్లలో స్పర్శ పోయింది. డాక్టరు మెత్తని అడుగున్న చెప్పులు రాసిచ్చి, ఇంట్లో కూడా విడవొద్దన్నాడు. కోటిలింగం వాటిని గడప దగ్గరే విడిచేవాడు. రోజంతా కూర్చునే మగ్గం గుంటలోకి వట్టి కాళ్లతోనే దిగేవాడు. మగ్గం దేవుడితో సమానమనీ, చెప్పుకాలితో తొక్కితే పేటంతా నవ్వుతుందనీ అనేవాడు.

భార్య సామ్రాజ్యం ఊరుకోలేదు. చెప్పులు కుట్టే ఏసోబు చేత కొలత తీయించి ఇంకో జత కుట్టించింది.

"ఇయ్యి వీధి మొహం చూళ్లేదయ్యా. మగ్గం కోసవే కుట్టించా. ఏసుకో," అంది.

అతను మగ్గానికి దణ్ణం పెట్టి, ఆ జతను అటక మీద పడేశాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కొయ్యకు దణ్ణం పెట్టిన ఆ చేతులు, కొయ్యను ఆడించే కాలిని ఒక్కనాడూ తడిమి చూడలేదు.

శ్రావణమాసంలో పెళ్లి చీరల పని ముంచుకొచ్చింది. కాలితో తొక్కే చెక్కలో మేకు పైకి లేచింది. కోటిలింగం మూడు రోజులు దాన్ని తొక్కుతూనే నేశాడు. నొప్పి తెలియలేదు కాబట్టి గాయమూ తెలియలేదు. నాలుగో రోజు గుంట ఊడవడానికి దిగిన సామ్రాజ్యం, చెక్క మీద ఎండిన నెత్తురు చూసింది.

అప్పటికే పుండు చీము పట్టింది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. పలకరించడానికి వచ్చిన పేటవాళ్లు మంచం చుట్టూ చేరి, చెప్పులు వేసుకోవాల్సింది కదా అన్నారు. ఎవరికి జడిసి వేసుకోలేదో వాళ్లే, సిగ్గు లేకుండా అన్నారు.

"ఈళ్ల కోసవేగా ఏళ్లు పోగొట్టుకుంది. అడుగు, ఎవురన్నా ఒక ఏలిస్తారేమో," అంది సామ్రాజ్యం మొగుడితో.

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

మూడు నెలలకు గాయం మానింది. అటక మీది జతను కోటిలింగం తనే అడిగి దింపించాడు. అది ఇప్పుడా కాలికి సరిపోలేదు. ఏసోబు మళ్లీ కొలత తీసుకున్నాడు. కొత్త చెప్పులతో కోటిలింగం గుంటలోకి దిగాడు. మగ్గం ఎప్పటిలాగే ఆడింది, కాలే ముందులా ఆడలేదు.

నలుగురి మాటకు జడిసి ఒంటిని అశ్రద్ధ చేసేవాడికి చివరికి మిగిలేది ఆ నలుగురి మాటలే.