తాంబూలంలో పైడన్న

చింతలకోన జమీందారు నరసరాజుగారికి ఏ పిచ్చి పట్టినా అది దివాణం మొత్తానికీ పట్టాల్సిందే. కొన్నేళ్ళ కిందట బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. మద్రాసులో ఎవరో ఆడుతుంటే చూసొచ్చి, గుర్రపుశాల పక్కన రెండు స్తంభాలు పాతించి, వాటికి అడుగు లేని బుట్టలు కట్టించారు. ఊళ్ళోవాళ్ళు దానికి బుట్టబంతి అని పేరు పెట్టేశారు.

మొదట్లో జట్టంతా దివాణం నౌకర్లే. తర్వాత ఒక్కొక్కర్నీ తప్పించి, కాలేజీలో చదివిన పొడుగాటి కుర్రాళ్ళని తెచ్చిపెట్టారు. పాతవాళ్ళలో ఇక మిగిలింది మావటివాడు పైడన్న ఒక్కడే. పొట్టి మనిషి, నలభై దగ్గరపడ్డవాడు.

ఒకనాడు కొలువులో దివాన్ మార్తాండరావు గొంతు సవరించుకున్నాడు.

"మహాప్రభూ, ఈ ఏడు మా మేనల్లుడు మన్మథరావు నలభై బుట్టలు వేశాడు. పైడన్న వేసినవి గుండుసున్నా! వాణ్ణి కూడా తీసేస్తే మన జట్టు పూర్తిగా కొత్తదవుతుంది."

రాజుగారికి ఆకూవక్కా అందించే పేరిశాస్త్రికి గుండె కలుక్కుమంది. రాజుగారి వెనకే నిలబడి ప్రతి ఆటా చూసినవాడు మరి.

"దివాన్‌గారూ, ఆ నలభైలో పైడన్న బంతి అందించినవి ఎన్నంటారు?"

"అందించడం కూడా ఒక ఘనకార్యమేనా శాస్త్రీ? నువ్వూ రోజంతా ఆకులు అందిస్తావు. నమిలేది ప్రభువులు!"

కొలువంతా గొల్లున నవ్వింది. పేరిశాస్త్రికి చెవులు ఎర్రబడ్డాయి.

రాజుగారికి ఈ తగువు భలే సరదాగా తోచింది. "సరేనయ్యా శాస్త్రీ, ఎల్లుండి మన దివాణంలోనే మెరకపాలెం వాళ్ళతో ఆట ఉంది. ఆ సాయంత్రం లోపల పైడన్న విలువేమిటో తేల్చు. తేల్చలేకపోతే అతను మళ్ళీ ఏనుగు దగ్గరికి, నువ్వు మీ ఊరికి."

బయటికి రాగానే పైడన్న ఎదురొచ్చాడు. "నాకోసం మీరెందుకండీ మాట పడ్డం? ఏనుగైతే నా మాటింటాది. కాపోతే... బంతి చప్పుడు ఇనబడితే కాళ్ళు ఊరుకోవండి శాస్త్రిగారూ," అంటూ మొహం తిప్పుకున్నాడు. పేరిశాస్త్రి ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాడు.

తెల్లారేసరికి ఉపాయం తట్టింది. చింతలకోన, మెరకపాలెం సంస్థానాల మధ్య ఒక ఆనవాయితీ ఉంది. ఆట ముగిశాక తాంబూలాలు పుచ్చుకుంటూ, వచ్చిన జమీందారు ఒకటి కోరుకోవాలి, ఇంటి జమీందారు కాదనకూడదు. ఆ తర్వాత ఇంటివారు కోరిందీ వచ్చినవారు ఇచ్చి తీరాలి. పోయినేడు వాళ్ళు మన పంచకల్యాణి గుర్రాన్ని పట్టుకుపోతే, మనం వాళ్ళ వంటవాణ్ణి లాక్కొచ్చాం.

"మహాప్రభూ, ఈసారి గుర్రాలూ వంటవాళ్ళూ వద్దు. కోరుకుంటే ఆటగాళ్ళనే కోరుకోవాలని కబురంపండి. మనవాళ్ళలో ఎవరి విలువేమిటో మెరకపాలెం వారే తేలుస్తారు," అన్నాడు పేరిశాస్త్రి.

"శభాష్! అలాగే కానీ," అన్నారు రాజుగారు.

దివాన్ మొహం మాడిపోయింది. మన్మథరావుని ఎగరేసుకుపోతారని ఆయన బెంగ.

ఆట రానే వచ్చింది. ఒక్క బుట్ట తేడాతో మనవాళ్ళు గెలిచారు. మన్మథరావు తొమ్మిది వేశాడు. పైడన్న మామూలే, సున్నా. తాంబూలాల వేళకి దివాన్ మేనల్లుణ్ణి చెయ్యి పట్టి ఈడ్చుకెళ్ళి, ఆవకాయ జాడీలుండే కొట్టుగదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. కంటబడకపోతే అడగరని ఆయన ఎత్తు.

మెరకపాలెం జమీందారు తాంబూలం అందుకున్నారు. ఆలోచించనైనా లేదు.

"మాకు పైడన్న కావాలి."

పేరిశాస్త్రి దివాన్ చెవి దగ్గరికి వంగాడు. "ఇక అబ్బాయిని బయటికి రమ్మనండి. ఎవరూ ఎత్తుకుపోరు."

దివాన్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "అయ్యా, వాడు ఒక్క బుట్టయినా వెయ్యలేదండీ! తొమ్మిది వేసింది మా మన్మథరావు!"

"బుట్టలు వేసే పొడుగువాళ్ళు మా దగ్గర ఆరుగురున్నారండీ. ఒకడి చేతిలోంచి ఒకడికి బంతి రాదు, అదే మా ఏడుపు!" అన్నారు మెరకపాలెం జమీందారు. "మీ తొమ్మిదిలో ఎనిమిది పైడన్న అందించినవే. మావాడు ఎటు తిరగబోతాడో మావాడికన్నా ముందే కనిపెట్టి అడ్డం నిలబడతాడు. వారం నుంచీ మా జట్టులో ఒకటే గోల, ఆ మావటివాణ్ణి ఎలా దాటడమా అని!"

రాజుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మాట ఇచ్చేశారు, వెనక్కి తీసుకోలేరు. పైడన్న తలగుడ్డ నలుపుకుంటూ నేలచూపులు చూస్తున్నాడు.

"ఇచ్చాం," అన్నారు రాజుగారు నీరసంగా. ఆపైన పేరిశాస్త్రి మీద విరుచుకుపడ్డారు. "విలువ తేల్చమంటే మనిషినే పోగొట్టావు కదయ్యా!"

పేరిశాస్త్రి తొణకలేదు. నింపాదిగా ఇంకో తాంబూలం చుట్టి రాజుగారి చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు కోరుకునే వంతు తమదే కదా ప్రభూ. మెరకపాలెం జట్టులో పైడన్న అని ఒక గొప్ప ఆటగాడున్నాడు. అతన్ని అడగండి!"

ముందు నవ్వింది మెరకపాలెం జమీందారే. "అమ్మ శాస్త్రీ! గుటక పడకముందే కక్కించావు కదయ్యా!" అంటూ పొట్ట పట్టుకున్నారు. రాజుగారు సింహాసనం చెయ్యి మీద దబదబా చరుస్తూ నవ్వారు.

నవ్వుతూనే వేలి ఉంగరం తీసి పేరిశాస్త్రికి తొడిగారు. తన జరీ శాలువా పైడన్న భుజాల మీద కప్పి, ఇక నుంచి జట్టుకి నువ్వే నాయకుడివన్నారు.

పైడన్న శాలువా కొంగుతోనే కళ్ళు తుడుచుకుని, దివాన్ వైపు తిరిగాడు.

"బాబయ్యా, రేపు మన జట్టుకి సాధన పొద్దున్నే పెట్టమంటారాండీ, సాయంత్రమాండీ?"