నూతికి పది తూకాలు

రాజుగారి హాస్యానికి కాచమకు ఒక్కనాడూ నవ్వు రాలేదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే ఆమె కొలువే నవ్వడం.

పేరు చెప్పినా ఇవాళ ఎవరూ పోల్చుకోలేని చిన్న రాజ్యం అది. ఏలేవాడు రణకేసరి మహారాజు. ఆయన నిండుసభలో ఒక చమత్కారం విసిరితే ముందుగా కాచమ నవ్వాలి. ఆమె నవ్వితేనే, అది నవ్వవలసిన మాట అని మిగతా సభకు తెలిసేది.

ఆ కొలువులో చేరిన రోజున అక్క బయ్యమ్మ వాకిట్లోనే నిలేసింది.

"ఏమే కాచీ, ఏడుపు అమ్ముకునేవాళ్ళను చూశాను గానీ నవ్వు అమ్ముకునేదాన్ని నిన్నే చూస్తున్నా. ఆ కూడు నా గడప తొక్కకూడదు. ఆ నవ్వు మానిన రోజున రా."

అంతే. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. కోటకీ అక్క ఊరికీ మధ్య ఉన్నది ఒక్క వాగే. ఆ వాగు కూడా ఎండిపోయింది.

వానలు మొహం చాటేశాయి. పశువుల డొక్కలు వీపుకంటుకున్నాయి. కుమ్మరవాడలో కొన్ని తలుపులు మూసినవి మూసినట్టే ఉండిపోయాయి. లోపల మనుషులున్నారో లేరో తట్టి చూసేవాళ్ళు లేరు. రాజుగారు జాలిపడి ఊరి బయట గంజి చావడి పెట్టిద్దామన్నారు. అయితే గంజి ఎవరికి పొయ్యాలి? అందరికీ చాలదు.

ఆస్థాన పండితుడు నరహరిభట్టు ముందుకొచ్చాడు. లెక్కల్లో దిట్ట. ఆ సంగతి మొదట చెప్పేది ఆయనే.

"ప్రభూ, పేదరికాన్ని కన్నీళ్ళతో కొలవకూడదు, తూకంతో కొలవాలి. మనిషికున్న ఒక్కో వస్తువుకూ ఇన్ని తూకాలని కట్టేద్దాం. సొంత కొంపకు ఐదు. నాగలికి నాలుగు. తిరగలికి రెండు. మొత్తం ఇరవైకి మించితే వాడు కలవాడు, గంజి లేదు. తూకం గుడ్డిది ప్రభూ, అందుకే ధర్మమైనది."

"మరి నూతికో?" అన్నారు రాజుగారు.

"ఆరు వేశాను ప్రభూ."

రాజుగారు మీసం దువ్వారు. "ఆరేమిటయ్యా! నుయ్యి ఉన్నవాడు ఎంత లోతైనవాడు! పది వెయ్యి!"

సభ కాచమ వంక చూసింది. కాచమ నవ్వింది. సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్యనే భట్టుగారి గంటం ఆరు కొట్టేసి పది రాసింది.

కొన్నాళ్ళకు రాజుగారు తన ధర్మం ఎలా నడుస్తోందో చూడాలని పరివారంతో చావడికి వెళ్ళారు. ఎండలో బారులు తీరిన జనం. వాళ్ళలో బయ్యమ్మ! భుజాల ఎముకలు చీరలోంచి పొడుచుకొస్తున్నాయి. చెల్లెల్ని చూసింది. చూపు తిప్పేసుకుంది.

"కొంపుందా?" అడిగాడు చావడి కరణం.

"ఉంది."

"నాగలి? తిరగలి?"

"ఉన్నాయి నాయనా. దున్నడానికి నేల కరగదు, విసరడానికి గింజ లేదు."

"అవి అడగలేదు. నుయ్యుందా?"

"మా నాయన తవ్వించింది. అందులో కప్ప కూడా..."

"ఉందంటే పది. మొత్తం ఇరవై ఒకటి. పక్కకు తప్పుకో!"

బయ్యమ్మ బతిమాలలేదు. ఖాళీ ముంత కొంగులో చుట్టుకుని, తూలిపోకుండా గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"చూశారా! నూతిని ఇంట్లో పెట్టుకుని గంజికొచ్చింది. దాహం ఎక్కువైనట్టుంది!" అన్నారు రాజుగారు.

అందరూ కాచమ వంక చూశారు. కాచమ నోరు తెరిచింది. నవ్వు రాలేదు.

"ఏం కాచమా? బాగాలేదా?"

"చిత్తం ప్రభూ, మాట బాగానే ఉంది. తూకంలోనే రాయి ఏదో పడ్డట్టుంది, గొంతుకు అడ్డం తగులుతోంది."

భట్టుగారికి మండిపోయింది. "నవ్వే ఆడదానికి నా తూకం మీద తీర్పులా!"

రాజుగారి మొహం కూడా మారింది. "కాచమా, రేపు సభలో ఆ రాయి చూపించు. ఏడుపుకథలు చెప్పకూడదు. తూకం తప్పని తూకంతోనే తేల్చాలి. తేల్చలేకపోతే పొలిమేర దాటి పో."

కోటలోంచి నాలుగు గింజలు దాచి అక్కకు పంపడం కాచమకు కష్టం కాదు. కానీ అక్క వాటిని ముట్టదు. చావడి గంజి అయితే తాగుతుంది, అది అందరి గంజి. కాబట్టి తూకమే మారాలి. మారకపోతే, మూసిన తలుపుల్లో అక్క తలుపు ఒకటవుతుంది.

మర్నాడు కాచమ ఒక మట్టిముంత పట్టుకుని సభకొచ్చింది.

"భట్టుగారూ, ఈ రాజ్యంలో ఒక మనిషి సంగతి చెబుతాను, తూచి పెట్టండి. పేరు చెప్పను. మీ తూకం గుడ్డిదే కదా."

"కానియ్యి."

"ఆయనకు సొంత కొంప లేదు. స్వామివారి నీడన తలదాచుకుంటున్నాడు."

"అయ్యో. సున్న."

"నాగలి లేదు. తిరగలి లేదు. నుయ్యి సరే సరి, గుక్కెడు నీళ్ళయినా ఎవరో ఒకరు తెచ్చి ఇవ్వవలసిందే."

భట్టుగారు మొత్తం సున్న రాసి నిట్టూర్చాడు. "ప్రభూ, ఇంతటి నిర్భాగ్యుడు మన రాజ్యంలో మరొకడు ఉండడు. ముందు గంజి ఇతనికే."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "పాపం! ఎక్కడున్నాడు? నా చేత్తో నేనే పోస్తాను."

కాచమ మెల్లగా నడిచి వెళ్ళి మట్టిముంతను సింహాసనం ముందు పెట్టింది.

"పోసుకోండి ప్రభూ."

సభలో అందరి మెడలూ ముంత వైపు సాగాయి.

"ఏమిటీ పొగరు!" భట్టుగారు లేచాడు.

"పొగరెక్కడిది? రోజూ పొద్దున వందిమాగధులు చదివే బిరుదు మీరు వినలేదా? 'కోటనూ కొలువునూ కులదైవానికి ధారపోసి, స్వామి నీడన నిలిచిన నిష్కించన చక్రవర్తి!' నిష్కించనుడంటే ఏమీ లేనివాడనే కదా, పండితులు మీరే చెప్పాలి. ప్రభూ, తమకు నాగలి ఉందా?"

"నాగలా! మాకా!" అని ఉలిక్కిపడ్డారు రాజుగారు.

"పోనీ తిరగలి?"

"ఛీ ఛీ!"

"విన్నారుగా భట్టుగారూ. సున్న."

భట్టుగారు తడబడ్డాడు. "అది... ఏనుగులు పట్టీలో లేవు ప్రభూ. ఏనుగుకు ముప్పై కలిపేస్తే తూకం సరిపోతుంది."

"ఏనుగుకు మూడొందలు వేసుకోండి," అంది కాచమ. "దానివల్ల ఎండిన నూతికి తడి రాదు. రాజు పేదవాడు కాదని తేలుతుందే గానీ, పేదవాడు పేదవాడేనని తేలదు. ప్రభూ, నూతికి తూకం వేసే ముందు చేద వేసి చూడమనండి. నీళ్ళొస్తే పది. రాకపోతే అది నుయ్యి కాదు, గొయ్యి. గొయ్యి ఉన్నంత మాత్రాన మనిషి కలవాడయితే, నిన్న కుమ్మరవాడ శవాలకు తవ్విన గోతులకెన్ని తూకాలు వెయ్యాలి?"

రాజుగారు ముంత వంక చూశారు. తర్వాత ఆయన బొజ్జ కదిలింది, భుజాలు కదిలాయి. పకపకా నవ్వారు.

"నా బిరుదుతోనే నన్ను బిచ్చగాణ్ణి చేసిందయ్యా! భట్టూ, ఈ పొద్దే ఊరూరికీ చేదా తాడూ పంపు. నీళ్ళు తగలని నూతికి సున్న."

సభకు ఆ నవ్వు ఎలా అందుకోవాలో తెలియలేదు. అందరూ కాచమ వంక చూశారు. ఆమె నవ్వలేదు. అలవాటు లేక, రాజుగారి నవ్వు ఒంటరిగా స్తంభాలకు తగిలి తిరిగొచ్చింది.

"ఏం కావాలో కోరుకో కాచమా. మాన్యమా? కడియమా?"

"నా నవ్వు నాకిప్పించండి ప్రభూ. ఇకమీదట వస్తేనే నవ్వుతాను."

రాజుగారు మళ్ళీ నవ్వబోయి ఆగారు. చేతి కడియం తీసి ఆమె చేతిలో పెట్టారు. "అదీ నీదే, ఇదీ నీదే. పో."

కాచమ కోట వాకిలి దాటేసరికి చేదా తాడూ భుజాన వేసుకుని భటుడొకడు వాగు వైపు బయల్దేరుతున్నాడు. అక్కకు కబురు పంపాలని ఆమె నోటిదాకా వచ్చిన పిలుపు వెనక్కి పోయింది. ఇన్నేళ్ళుగా పోతున్నట్టే. అక్క నిన్న గోడ పట్టుకుని నడిచిన నడక గుర్తొచ్చింది. ఆ గడపలో ఇంకా పలికేవాళ్ళున్నారో లేదో.

"అన్నా, ఆగు!" అని అరిచింది.

భటుడు వెనక్కి తిరిగాడు.

"బయ్యమ్మ అని, వాగు అవతల మొదటి ఇల్లు. ముందు ఆ నూతిలోనే వెయ్యి చేద. వేశాక ఆమెతో ఒక్క మాట చెప్పు. కాచి నవ్వు మానేసిందట, వెనకాలే వస్తోందట అని చెప్పు."