శాలువ మీది పసరు మరక

ఎవరేమి అడిగినా కూర్మదాసు గారు వెంటనే బదులిచ్చేవారు కారు. చేతికేదో ఒక పని ఇచ్చేవారు. వంశధార ఒడ్డున ఆయన ఆశ్రమంలో ఏడాదిగా ఉంటున్న అచ్చియ్యమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా ఒక ఉదయం ఉండబట్టలేక అడిగింది.

"స్వామీ, చేసిన తప్పు మనసులోంచి పూర్తిగా పోవాలంటే ఇంకా ఎన్నాళ్లు ఉపవాసాలుండాలి?"

మూడేళ్ల కిందట, ఒక వాన రోజున, ఆమె చెల్లెలు సూరీడమ్మ జ్వరంతో వచ్చి తలుపు తట్టింది. ఇద్దరి మధ్యా ఏదో పాత మాటపట్టింపు. అచ్చియ్యమ్మ లోపలే ఉండి కూడా తలుపు తీయలేదు. వారం తిరక్కుండా చెల్లెలు పోయింది. అప్పటినుంచి ఆమె రెండు రోజులకొకసారి పిడికెడు మెతుకులతో సరిపెట్టుకుంటోంది. ఈమధ్య గోడ పట్టుకోనిదే లేవలేకపోతోంది.

కూర్మదాసు గారు భుజం మీది ఉన్ని శాలువ తీసి ఆమెకిచ్చారు. "కుంకుడురసం నువ్వే తీసి, దీన్ని ఉతికి తీసుకురామ్మా."

నది మీద మంచు ఇంకా విడలేదు. అచ్చియ్యమ్మ కుంకుడుకాయలు కొట్టి, గింజలు ఏరేసి, పెచ్చులు వేడినీళ్లలో నానేసి పిసికింది. నురగ పొంగి ముంజేతుల దాకా వచ్చింది. ఆ వాసనకు చిన్నతనం కదిలింది. తలంటినప్పుడు కళ్లు మండి, చెల్లెలు అక్క కొంగులో మొహం దాచుకునేది. ఆ తడి మొహం ఇప్పుడే పొట్టకు తగిలినట్టయి, ఆమె చాలాసేపు చేతులు నీళ్లలోంచి తీయలేదు.

శాలువలోని పొగా చెమటా నీళ్లలోకి దిగిపోయాయి. భుజం దగ్గర పచ్చటి మరక మాత్రం కదల్లేదు. అది తన వల్ల అయిందే. నిరుడు పడవరేవులో స్పృహ తప్పినప్పుడు స్వామి తనను భుజాన మోసుకొచ్చారు. నుదుటికి పట్టించిన ఆకుపసరు శాలువకంటింది. ఆ గుర్తు అలాగే ఆయన భుజం మీద ఉండిపోతుందంటే ఆమెకు సిగ్గనిపించింది.

పొయ్యిలోని బూడిద ఎత్తి, మరిగే నీళ్లలో కలిపి, తేరిన నీటిని వంచి మళ్లీ కొత్త బూడిదలో పోసింది.

వంట చూసే గున్నమ్మ కంగారుగా అంది: "అది ముతక దుప్పట్లకమ్మా! ఉన్ని ఆగదు."

అచ్చియ్యమ్మ వినిపించుకోలేదు. ఆ ఘాటు నీటిలో శాలువ భుజం వైపంతా ముంచి, పొయ్యి మీదే ఉంచింది. పైకి తీసేసరికి మరక లేదు. ఉన్నీ లేదు. మెత్తటి ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

మిగిలిన గుడ్డ పట్టుకుని ఆమె స్వామి ముందు కూలబడింది. "మరక పోవాలనే చేశాను స్వామీ," అంటూ, చెల్లెలు పోయిన నాడు కూడా రాని ఏడుపు ఏడ్చింది.

ఆయన శాలువను దండెం మీద ఆరేశారు. భుజం దగ్గర పడ్డ కంతలోంచి నది కనిపిస్తోంది. తర్వాత గున్నమ్మ చేత గంజి తెప్పించి, అచ్చియ్యమ్మ గిన్నె ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చున్నారు.

"ఉతకమన్నానమ్మా," అన్నారు చివరికి. "మరక మాట నేనెత్తలేదే."