తుంగ లేని చాప

అనగనగనగా ఒక ఊరు. ఊళ్ళో మడుగుందో, మడుగులో ఊరుందో చెప్పలేమర్రా, అన్ని నీళ్ళు! పేరు తుంగపాడు. మడుగు నిండా తుంగ, తుంగ నిండా కప్పలు, కప్పల వెనక కొంగలు. ఆ తుంగ కోసి చాపలు నేసే సింగారమ్మకి కొత్త కోడలొచ్చింది, పేరంటాలని. మహా గడుసుది. బుజ్జీ, కాళ్ళు ముడుచుకో, తమ్ముడికి తగుల్తున్నాయి.

ఆ ఊరికి రాజు కునుకుల రాజు. కునుకు పేరులోనే గానీ కంట్లో లేదు పాపం. కప్ప బెకమంటే ఉలిక్కిపడి లేచేవాడు. విసుగెత్తి, మడుగుకి నీళ్ళొచ్చే కాలవకి కట్ట వేసెయ్యమన్నాడు. వేసేశారు. మడుగెండింది. కప్పలు పోయాయి. రాజు గుర్రుపెట్టాడు. ఊ కొడుతున్నారా?

ఎన్నాళ్ళు పెడతాడు గుర్రు? కట్టకోసం మట్టి తవ్విన గుంటల్లో వాననీళ్ళు నిలిచి దోమలు పుట్టాయి. వాటిని తినడానికి కప్పలేవీ?

నీరు పోతే తుంగ పోయె, తుంగ పోతే కప్ప పోయె, కప్ప పోతే కొంగ పోయె, దోమ ఒక్కటే ఉండిపోయె!

పైగా రాజుగారి చాప చిరిగింది. ఆయనకి పరుపు పడదు, తుంగచాపే కావాలి. పున్నమికల్లా కొత్తది తేకపోతే మగ్గం విరిచి పొయ్యిలో పెట్టిస్తానని కబురంపాడు. ఆ మగ్గం ఆడితేనే ఆ ఇంట్లో ఎసరు పెట్టేది! సింగారమ్మ లబోదిబోమంది. పేరంటాలు మాత్రం, "ఉన్నదాంతోనే నేస్తాలే అత్తా" అని మగ్గం ముందు కూర్చుంది. చాపకి నిలువునా తాళ్ళు కడతారు, అడ్డంగా తుంగ పోస్తారు. తను తాళ్ళు కట్టింది. అంతే! చుట్టచుట్టి కోటకి పట్టుకెళ్ళింది.

రాజు దానిమీద పడుకున్నాడా, ఒళ్ళంతా తాళ్ళ చారలు, చారల మధ్య దోమలు!

"ఇదేం చాపే?" అని గంతులేశాడు.

"తమరి మడుగులో ఏముంటే అదే పోశాను ప్రభూ. ఏమీ లేదు."

రాజు గోక్కుంటూ ఆలోచించాడు, ఆలోచిస్తూ గోక్కున్నాడు. చివరికి ఏం చెయ్యమంటావన్నాడు. కట్ట తీసెయ్యమంది, మొదటి గడ్డపార పోటు తమరిదేనంది. పట్టుపంచె ఎగ్గట్టి దిగాడు. దిగీ దిగగానే బురదలో చతికిలబడ్డాడు!

నీళ్ళయితే వచ్చాయి, తుంగ రావద్దూ? పేరంటాలు మడుగెండుతున్నప్పుడే కాసిని తుంగ గడ్డలు తవ్వి, మంచినీళ్ళ కుండ కింద తడిలో దాచింది. ఊరంతా దిగి అవి నాటారు. అవి అల్లుకునేదాకా రాజుగారికి ఆ తాళ్ళే గతి.

తుంగొచ్చింది, కప్పొచ్చింది, కొంగొచ్చింది, దోమ తగ్గింది. ఒక ముసురు మధ్యాహ్నం పేరంటాలు కొత్త చాప తెచ్చి పరిచింది. తీరా రాజు కళ్ళు మూసేసరికి కప్ప బెకమంది! మళ్ళీ కట్ట వేయిస్తాడేమోనని అందరూ ఊపిరి బిగబట్టారు.

"మీకు కథ చెబుతోంది ప్రభూ, ఊ కొట్టండి" అంది పేరంటాలు.

"బెక" అంది కప్ప. "ఊ" అన్నాడు రాజు. "బెకబెక." "ఊఁ..." కప్ప ఇంకోసారి అంటే ఊ లేదు, గుర్రే!

నీళ్ళ చోటు నీళ్ళకి వదిలితే కొంగకీ హాయి, మనకీ హాయి. ఏదీ, ఊ? బుజ్జీ? ఒరే నాన్నా? సరిపోయింది! కథ కంచి దారి పట్టేలోపే మీరు కలల దారి పట్టారూ?