ఉప్పుకొట్ల వీధి ఒంటితలుపమ్మ

నాగులరేవు నగరం నడిబొడ్డున, గడియారస్తంభం దగ్గరి నుంచి చేపల మార్కెట్ వైపు దిగే రోడ్డులో ఎడమచేతి పక్క మొదటి సందు ఉప్పుకొట్ల వీధి. ఇప్పుడు అక్కడ ఉప్పు అమ్మేవారు ఒక్కరూ లేరు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలు, పెళ్ళి కార్డులు అచ్చువేసే ప్రెస్సులు, గాజుల కొట్లు, మూతపడి గోడౌనుగా మారిన ఒక సినిమా హాలు ఉన్నాయి. ఆ హాలు టికెట్ల కిటికీకీ ఒక జిరాక్సు సెంటరుకూ మధ్య, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ అందేంత ఇరుకు జాగాలో ఒంటితలుపమ్మ గుడి ఉన్నది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ద్వారబంధానికి ఒకటే తలుపు రెక్క వేలాడుతుంది. రెండో రెక్కను లోపల గోడకు ఆనించి నిలబెట్టారు. అదే ఇక్కడి మూలవిరాట్టు. పైభాగానికి పసుపు పూసి రెండు వెండి కళ్ళు అతికిస్తారు. కిందిభాగానికి మాత్రం ఏమీ పూయరు. మోకాలి ఎత్తున చెక్క మీద ఉన్న గీతలు కనబడాలని అలా వదిలేస్తారు.

దర్శనానికి వచ్చేవారు ముందుగా ఈ తల్లి కథ తెలుసుకోవాలి. ఇది విన్నవారికి సంతోషం కలిగించే కథ కాదు. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఇక్కడి సంప్రదాయం.

పూర్వం ఇక్కడ వీధి పొడవునా ఉప్పు కొట్లే ఉండేవి. తెల్లదొరల ఏలుబడి, పట్నానికి రైలు ఇంకా రాని కాలం. ఉప్పుమళ్ళ నుంచి ఎడ్లబళ్ళ మీద సరుకు దిగేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. అటువంటి ఒక కొట్టు అచ్చియ్యమ్మది. మగడు పోయాక వ్యాపారం తానే చూసుకునేది. మాట కరుకు, తూకం నిక్కచ్చి. ఆవిడకు ఒక్కతే కూతురు, పేరు మాణిక్యం.

వీధి చివరి చావడిలో శనివారం సాయంత్రాలు జముకు వాయిస్తూ పాడే జముకుల కథ చెప్పించడం వర్తకుల అలవాటు. చుట్టుపక్కల పేటల జనం చాపలు తెచ్చుకుని మరీ కూర్చునేవారు. ఆ కథల్లో ఒకటి మహమ్మారి కథ. గత్తర, అంటే కలరా, సోకే కాలంలో ఆ తల్లి పొద్దు వాలాక వీధుల్లో తిరుగుతుందట. ఆమెకు సొంత గొంతు లేదట. అయినవారి గొంతు తెచ్చుకుని గుమ్మం ముందు నిలబడి పిలుస్తుందట. అయితే రెండుసార్లే పిలవగలదట. మూడో పిలుపు ఆమెకు చేతకాదు. అందుకని, దీపాలు పెట్టాక ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకకూడదు, తలుపు తీయకూడదు. కథ చెప్పేవాడు వీధిలో ఒక్కొక్కరి గొంతూ అనుకరించి పిలిచి చూపిస్తుంటే జనం పడీపడీ నవ్వేవారు.

"మా ఆయన్ని ముప్పైసార్లు పిలిచినా పలకడు. ఆయనకి ఏ రోగమూ రాదు" అనేది పక్క కొట్టు రాఘవమ్మ.

మాణిక్యం చిన్నతనంలో ఈ కథ వినివచ్చి పెరట్లో నిలబడి "అమ్మా అమ్మా అమ్మా" అని ఊపిరి తిప్పుకోకుండా అరిచేది.

"మూడూ కలిపి అరిస్తే ఒకటి కిందే లెక్క, కోతీ. ఆగి ఆగి పిలు" అని తల్లి లోపలినుంచి కసిరేది. పిల్ల ఆగి ఆగి పిలిచాకే తలుపు తీసేది. ఆ ఇంట్లో అదొక ఆట.

మాణిక్యాన్ని రేవుపేటలో పడవల సరుకు దించే మేస్త్రీకి ఇచ్చి పెళ్ళిచేశారు. పెళ్ళయిన మూడో ఏట గత్తర వచ్చింది. మొదట రేవుపేటనే పట్టుకుంది. ఉప్పుకొట్ల వీధి పెద్ద కామయ్యగారు వర్తకులను చావడికి పిలిపించి కట్టుబాటు చేశారు. దీపాల వేళకు అన్ని తలుపులూ మూసెయ్యాలి, మూడో పిలుపు వినబడనిదే ఏ తలుపూ తెరుచుకోకూడదు. అచ్చియ్యమ్మ అందరికన్నా ముందు ఒప్పుకుంది. ఆవిడకు మాత్రం వేరే దిగులు ఉంది. కూతురు ఆ పేటలో ఉంది. ఎలాగైనా ఇంటికి రప్పించుకోవాలి.

బండి తోలే అప్పన్న చేత కబురు పంపింది. "ఉన్నపాటున వచ్చెయ్యమను. చీరలూ సామానూ ఏమీ అక్కర్లేదు."

అప్పన్న జవాబు తెచ్చాడు. "ఆయన పడకేశాడంట తల్లీ. తగ్గగానే వస్తానంది."

రెండు రోజులు చూసి మళ్ళీ పంపింది. ఈసారి అప్పన్న కొట్టు మెట్టు ఎక్కకుండా దూరంగానే నిలబడ్డాడు.

"ఆ ఇంటికి తాళం పెట్టుంది తల్లీ. సందులో పిట్ట లేదు. అందరూ అయిపోయారంటన్నారు."

అచ్చియ్యమ్మ ఏడవలేదు. చేస్తున్న తూకం పూర్తిచేసి, బేరగాణ్ణి పంపించి, కొట్టు తలుపులు మూసింది. అప్పుడే దీపాలు పెడుతున్నారు.

దీపం దగ్గర కూర్చుందో లేదో వీధి గుమ్మంలో పిలుపు వినబడింది. "అమ్మా."

గొంతు బొంగురుపోయి ఉంది. అయినా అది మాణిక్యం గొంతే. అచ్చియ్యమ్మ లేచి వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. కూతురు పోయిందన్న కబురు ఇంకా చెవిలో ఉంది. చావడిలో విన్న కథ దాని వెనకే వచ్చింది. పోయినవాళ్ళ గొంతుకన్నా ఆ తల్లికి కావలసిందేముంది?

"అమ్మా."

రెండోది. ఆవిడ చెవి తలుపుకు ఆనించింది. మూడోసారి పిలిస్తే తీసేస్తుంది. వెనకాముందూ చూడదు, వీధివాళ్ళు ఏమన్నా పట్టించుకోదు. పిలు తల్లీ, ఇంకొక్కసారి పిలు అని లోలోపల అనుకుంది గాని, బయటికి మాట రానియ్యలేదు. పలికితే కట్టుబాటు తప్పినట్టే.

మూడో పిలుపు రాలేదు. కాసేపటికి తలుపు కిందిభాగాన ఏదో గీరిన చప్పుడయింది. కుక్క అనుకుంది. ఆ చప్పుడూ ఆగిపోయింది.

గోడ అవతలినుంచి రాఘవమ్మ అడిగింది. "ఒదినా, ఏటి ఆ అలికిడి?"

"వచ్చింది. రెండుసార్లు పిలిచి పోయింది."

"ఎవరి గొంతు?"

"మన మాణిక్యానిదే. అచ్చం."

రాఘవమ్మ గోడకు ఇంకా దగ్గరగా జరిగింది. "ఎంత గుండెనిబ్బరం ఒదినా నీది. నేనైతే తీసేసుందును. బతికిపోయావు."

తెల్లవారి గడియ తీయగానే కుడి రెక్క తనంతట తానే లోపలికి తెరుచుకుంది. దానికి ఆనుకుని కూర్చున్న మాణిక్యం తల్లి పాదాల మీదికి ఒరిగింది. ఒళ్ళు అప్పటికే కొయ్యబారిపోయింది. గోళ్ళలో చెక్క పేళ్ళు ఉన్నాయి. కొంగున రేవుపేట ఇంటి తాళంచెవి ముడివేసి ఉంది. పోయిన మగణ్ణి కాటికి సాగనంపి, ఇంటికి తాళం వేసి, తల్లి రమ్మంది గదా అని నడిచి వచ్చింది. దారిలోనే జబ్బు తగులుకుంది. గత్తరలో ఒంట్లో నీరంతా పోతుంది, నీరు పోయాక గొంతు పోతుంది. రెండుసార్లు పిలవడానికి ఉన్న గొంతు మూడోసారికి లేకపోయింది. ఆపైన చేతనయిందల్లా గీరడమే. చచ్చినవాళ్ళు తాళం వేసుకుని పోరు కదా అన్న ఆలోచన అచ్చియ్యమ్మకు రాలేదు. వీధిలో ఇంకెవరికీ రాలేదు.

దహనం అయ్యాక కామయ్యగారు వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. వీధికి ధైర్యం చెప్పాలి, అచ్చియ్యమ్మకూ చెప్పాలి. మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా అన్నారు.

"నీ తప్పు లేదమ్మా. వచ్చింది ఆ తల్లే. నీ పిల్లని దారిలోనే తీసుకుని, ఆ గొంతుతో వచ్చి పిలిచింది. నువ్వు తీయలేదు కాబట్టి వీధి నిలబడింది. ఇక్కడ ఆ తల్లికి గుడి కట్టిద్దాం. నీ చేతుల మీదుగానే."

"మరి తలుపు గీరిందెవరు, కామయ్యగారూ?"

ఆయన పైపంచె సర్దుకుని లేచి వెళ్ళిపోయారు.

ఆ తల్లి మీద అచ్చియ్యమ్మకు పట్టరాని కోపం వచ్చింది. ఊరి పొలిమేరలో ఉన్న ఆ తల్లి గుడికి వెళ్ళి నానా మాటలూ అంది. తిరిగివచ్చి ఆ మధ్యాహ్నం ఉప్పు బస్తాల మీద ఒరిగి కన్ను మూసింది. కలలో ఒక ఆడమనిషి కొట్టు మెట్టు మీద కూర్చుని కనిపించింది. నలిగిన చీర, చెరిగిన బొట్టు, ఎంతో దూరం నుంచి వచ్చినట్టున్న పాదాలు. ఎవరో చెప్పకుండానే తెలిసింది.

"నన్ను తిడుతున్నావట."

"నా బిడ్డ గొంతుతో ఎందుకు వచ్చావు?"

"నేను ఆ సాయంత్రం మీ వీధికి రాలేదు. నాకు నా గొంతు ఉంది. ఇంకొకరిది నాకెందుకు? నీ కూతురి గొంతుతో పిలిచింది నీ కూతురే."

అచ్చియ్యమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "అయితే తిరిగి పంపించు."

"అది నా చేతుల్లో లేదు."

"మరి నేనేం చెయ్యను?"

"ఆ తలుపు మళ్ళీ మూయకు" అని చెప్పి ఆ తల్లి లేచింది. ఇంకేమీ వరం ఇవ్వలేదు. ఎంత దూరం వెళ్ళినా వెనక్కి తిరిగి చూడలేదు.

అచ్చియ్యమ్మ లేచిన వెంటనే వడ్రంగిని పిలిపించి కుడి రెక్కను బందులనుంచి ఊడదీయించింది. దాన్ని లోపల గోడకు నిలబెట్టి దీపం పెట్టింది. కామయ్యగారు మళ్ళీ వచ్చి, గుడి సంగతి సరే, కథ మాత్రం తాను చెప్పినట్టే చెప్పమన్నారు. తల్లి వచ్చి రెండు పిలుపులు పిలిచి వెనుదిరిగిందంటేనే జనానికి గుండె నిలబడుతుందన్నారు.

"ఆవిడ రాలేదు. ఆవిడ మీదికి తోయకండి. ఇక్కడికి వచ్చింది నా పిల్ల. గుమ్మంలో పోయింది. అదే చెప్పండి."

"అలా చెబితే ఈ గుడికి ఎవరొస్తారమ్మా?"

"రానక్కర్లేదు."

ఆ వాదన తేలకముందే గత్తర వీధిలోకి రానే వచ్చింది. అది తలుపుల్లోంచి రాలేదు, బావి నీళ్ళలో వచ్చింది. కామయ్యగారి ఇంట్లోనే ఇద్దరు పోయారు. రాఘవమ్మ మగడు పోయాడు. కట్టుబాటు వల్ల ఒక్క ప్రాణమూ దక్కలేదని తేలిపోయాక కామయ్యగారు ఆ వాదన వదిలేశారు. చావడిలో ఆ కథ చెప్పించడం మానిపించారు.

అచ్చియ్యమ్మ ఆ తరువాత చాలాకాలం బతికింది. సాయంత్రం దీపం పెట్టి లోపల కూర్చునేది. బయటినుంచి ఎవరు పిలిచినా, పిచ్చివాళ్ళు పిలిచినా, ఆటకు పిలిచి పారిపోయే పిల్లలు పిలిచినా, మొదటి పిలుపుకే "ఆఁ, వస్తున్నానమ్మా" అని లేచి వచ్చేది. వచ్చి వీధి అటూ ఇటూ చూసేది.

"ఇన్నిసార్లు పలికావు కదా ఒదినా, ఇంక చాల్లే" అని రాఘవమ్మ ఒకసారి అన్నదట.

"పలకాల్సింది ఆ రెండుసార్లకి" అన్నదట అచ్చియ్యమ్మ.

ఆవిడ మనసు కుదుటపడినట్టు ఎవరూ చెప్పరు. ఒక సాయంత్రం పిలుపుకు లేవబోయి గుమ్మం దగ్గరే పోయింది. మర్నాటి నుంచి రాఘవమ్మ వచ్చి ఆ చోట కూర్చుంది.

నాటినుంచి నేటిదాకా ఈ గుడిలో వీధికి చెందిన ఒక పెద్ద వయసు స్త్రీయే సేవ చేస్తున్నది. మంత్రాలు లేవు, అర్చన టికెట్లు లేవు. సంధ్యవేళ దీపం పెట్టాక భక్తులు బయట నిలబడి ఒకే ఒక్కసారి "అమ్మా" అని పిలుస్తారు. లోపలినుంచి "ఆఁ, వస్తున్నానమ్మా" అన్న జవాబు వస్తుంది, ఆవిడ లేచి వస్తుంది. అంతే పూజ. ఈ తల్లిని కోరికలు అడిగే ఆచారం లేదు. ఆసుపత్రికి సమయానికి చేరనివారు, పిలిచిన రోజు వెళ్ళనివారు, మాట్లాడకుండా ఫోను పెట్టేసినవారు ఎక్కువగా వస్తుంటారు. మాటలు తెగిపోయిన అన్నదమ్ములు ఇక్కడికి వచ్చి వెళ్ళాక మళ్ళీ కలిశారని వీధిలో చెబుతారు. కలవనివారూ ఉన్నారు. పోయినవారి కోసం వచ్చినవారు వచ్చినట్టే తిరిగి వెళతారు. వారి దుఃఖం తీరుతుందని ఈ క్షేత్రంలో ఎవరూ మాట ఇవ్వరు. వీధి దుకాణదారులు మాత్రం ఎంత బేరంలో ఉన్నా పిలిచినవారికి వెంటనే పలుకుతారు, ఫోను మొదటి మోతకే ఎత్తుతారు. అది ఈ తల్లికి వారు చెల్లించే మొక్కు.

భక్తులకు ఒక మనవి. ఒక్కసారి పిలిచి, జవాబు వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడండి. రెండోసారి పిలవవద్దు, ఎవరూ లేరనుకుని వెళ్ళిపోవద్దు. లోపల ఉన్న ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. లేచి రావడానికి కాస్త సమయం పడుతుంది.