నూకాలు సాకిన పచ్చ ఉడుము

అనగనగా ఒక రేవు. ఆ రేవుకొక కోట. ఆ కోటకొక రాజు. ఆ రాజుకొక బెంగ.

బెంగ ఏమిటంటే, పొరుగున ఉన్న కొండకోట రాజు ఏదో ఒకనాడు తన మీదికి దండెత్తి వస్తాడని. వస్తానని ఆయన ఎన్నడూ అనలేదు. వస్తావా అని ఈయన అడగనూ లేదు. అయినా బెంగ బెంగే. విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

"వాళ్ళు రాకముందే మనం వెళ్దాం మహారాజా" అని దండనాయకుడు వీరమల్లు రోజూ చెవిలో పోరేవాడు.

"వెళ్దాం సరే, ఆ కొండకోట గోడ ఎక్కేదెలా?" అని రాజు అడిగేవాడు. అక్కడితో మాట ఆగిపోయేది.

ఆ కోట కింద కాలవగట్టున నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆకుకూరలు పండించి, బుట్ట నెత్తిన పెట్టుకొని వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక్క మడి. అందులో తోటకూర, గోంగూర. గట్టు మీద ఒక మునగచెట్టు. చుట్టూ మందార కంచె. ఆ మడి కోటవారిది. కోటవారు పొమ్మంటే పోవలసిందే.

ఒక గాలివాన వెలిసిన మర్నాడు నూకాలు మడికి ఎరువు కోసం నాచు ఏరుకుందామని సముద్రపు ఒడ్డుకు వెళ్ళింది. ఏ దేశపు ఓడ పగిలిందో ఏమో, ఒడ్డంతా చెక్కలు. వాటి మధ్య ఒక కర్రబోను. బోనులో మూరెడు పొడుగున, అంతకు రెండింతల తోకతో, ఆకుపచ్చని జీవి ఒకటి. వీపు మీద దువ్వెన పళ్ళలాంటి ముళ్ళ వరుస. గడ్డం కింద సంచిలా వేలాడే తోలు. ఒళ్ళంతా ఉప్పు కట్టి, ఊపిరి ఉందో లేదో తెలియకుండా పడి ఉంది.

నూకాలు దాని మూతి మీద మంచినీళ్ళు చుక్క చుక్కగా విడిచింది. అది ఒక కన్ను తెరిచి, చూసి, మళ్ళీ మూసుకుంది.

"అయ్యో పాపం, ఉడుము!" అంది నూకాలు.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఉడుము సంగతి మీకు తెలిసిందే. పుట్టల్లో, బొరియల్లో ఉండే మట్టిరంగు జీవి. అది దేన్నయినా పట్టుకుందంటే వదలదని పేరు. మంకుపట్టు పట్టినవాణ్ణి చూసి ఉడుంపట్టు పట్టాడంటాం. వెనకటి రోజుల్లో దాని నడుముకు తాడు కట్టి కోటగోడ మీదికి విసిరి, ఆ తాడు పట్టుకొని భటులు పైకి పాకేవారని చెప్పుకుంటారు. నిజంగా పాకారో, చెప్పేవాళ్ళే పాకించారో ఆ గోడలకే తెలియాలి. వీరమల్లు మాత్రం అక్షరాలా నమ్మాడు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి వస్తువూ రాజుదేనని ఆ రేవులో కట్టడి. అందుకని నూకాలు ఆ జీవిని బుట్టలో పెట్టుకొని కోటకు తీసుకెళ్ళింది.

దాన్ని చూసి వీరమల్లు ఎగిరి గంతేశాడు. "మహారాజా! పచ్చ ఉడుము! జయానికి ఇంతకన్న శకునం ఏం కావాలి? కొండకోట గోడ ఇక మనదే!"

రాజు ముఖం చాలా రోజులకు విప్పారింది. "అమ్మా, నీ చేతికి దొరికింది గనక నువ్వే సాకు. విజయదశమికి నలభై రోజులుంది. అప్పటికిది కోలుకోవాలి, మచ్చిక కావాలి" అన్నాడు.

"ఇది చచ్చిందో, ఆ మడిలో మర్నాడు నీ కాలు పడదు" అని వీరమల్లు తన వంతు కలిపాడు.

నూకాలు పొరుగింట్లో సింగన్న ఉండేవాడు. ఉడుముల్ని పట్టడంలో అతని తరువాతే ఎవరైనా. వీరమల్లు అతన్ని కూడా పిలిపించి, "తాడు పట్టుకొని మొదట ఎక్కేది నువ్వే. నీ వెనక యాభై మంది" అన్నాడు. సింగన్న మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

"నీకెందుకే అక్కా దిగులు? నేను లేనూ? ఉడుముల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. మూడే మూడు సంగతులు గుర్తుంచుకో. తిండికి గుడ్లూ చేపలూ పెట్టు. చీకటి బొరియలో ఉంచు. పట్టుకునేటప్పుడు పైనుంచి మెడ మీద ఒక్క ఉదుటున చెయ్యి వెయ్యి."

మూడూ మంచి మాటలే. అబద్ధం ఒక్కటీ లేదు, ఉడుము విషయంలో.

నూకాలు పెద్ద కాగును అడ్డంగా పడుకోబెట్టి, గోనెపట్టా కప్పి చీకటి చేసింది. బాతుగుడ్లు తెచ్చి పెట్టింది. అది ముట్టలేదు. ఎండు నెత్తళ్ళ చేపలు పెట్టింది. మూతి తిప్పుకుంది. ఆమె చెయ్యి పైనుంచి దిగిందంటే చాలు, గడ్డం కింది తోలు విప్పి, ఒళ్ళు ఉబ్బించి, తోకతో ఛెళ్ళున కొట్టేది. ముంజేతి మీద వాతలు తేలాయి.

వారం గడిచింది. పదిరోజులయింది. ఆకుపచ్చ వన్నె తగ్గి బూడిదరంగు తిరిగింది. తుంటి ఎముకలు తేలాయి. పొద్దున లేవగానే గోనెపట్టా ఎత్తాలంటే నూకాలుకు భయం వేసేది. ఎత్తి, పొట్ట కదులుతోందా అని చూసి, కదిలితే అప్పుడు తను ఊపిరి పీల్చేది. కూరలు అమ్మబోయిన చోట కూడా ధ్యాసంతా ఇంటి మీదే. తోటకూర అడిగినవాళ్ళకు గోంగూర ఇచ్చేది.

"నూకాలూ, నీ మతి ఉడుము మింగిందా ఏం?" అని నవ్వేవారు.

"అదైనా మింగితే బాగుండును, దానికంత తిండన్నా పడేది" అనేది ఆమె.

పన్నెండోనాడు ఆమె పెరట్లో కూర్చుని మునగాకు కట్టలు కడుతోంది. మడి పోతే ఏమిటి గతి అని ఒక బెంగ. దాన్నిలా చంపుకుంటున్నానే అని అంతకన్న పెద్ద బెంగ. గోనెపట్టా జారిపోయిన సంగతి కూడా గమనించలేదు. వెనక నుంచి కరకరమని చిన్న చప్పుడయింది.

తిరిగి చూస్తే, ఆ జీవి కాగులోంచి బయటికొచ్చి, ఎండలో పొట్ట ఆనించి పడుకొని, రాలిన మందారపువ్వును నములుతోంది!

నూకాలు కదలలేదు. రెప్ప కూడా వేయలేదు. కాసేపటికి ఒక మునగరెమ్మను నేల మీదుగా మెల్లగా జరిపింది. అదీ తినేసింది.

అప్పుడు ఆమె దాన్ని నిజంగా చూసింది. పన్నెండు రోజులూ ఉడుమునే చూసింది గాని, దీన్ని చూసిందెక్కడ? ఉడుము నాలుక పాము నాలుకలా చీలి ఉంటుంది. దీనిది మందంగా, పొట్టిగా ఉంది. ఉడుము చీకట్లో దూరుతుంది. ఇది ఎండ ఎటు జరిగితే అటు జరుగుతోంది.

ఆనాటి నుంచి గుడ్లు మానేసి ఆకులు పెట్టింది. కాగు మానేసి కంచె పక్క ఎండలో, నీడకు దగ్గరగా, అది ఎక్కి కూర్చోవడానికి ఒక కొమ్మ నాటింది. మచ్చిక చెయ్యడానికి మాత్రం తొందరపడలేదు. మొదట కొన్నాళ్ళు దూరంగా, దాని వైపు చూడకుండా కూర్చుని తన పని చేసుకుంది. ఆకాశంలో గద్ద నీడ పడగానే అది వణికి నేలను కరుచుకోవడం చూసింది. చూసి, తన చేతి వంక చూసుకుంది. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దే మరి! అప్పటి నుంచి చెయ్యి నేలకు ఆనించి, పక్కనుంచి, ఆకుతో సహా చాచి ఉంచేది. చెయ్యి తిమ్మిరెక్కేది. ఉంచేది. ముప్పయ్యోనాటికి అది ఆమె ముంజేతి మీద నాలుగు కాళ్ళూ మోపింది. పచ్చదనం తిరిగొచ్చింది.

అది చూసి సింగన్న సంతోషించలేదు. ముఖం పాలిపోయింది.

"అక్కా! ఇది ఉడుము కాదే."

"కాదురా తమ్ముడూ."

"దీని పట్టు మనిషి బరువు ఆగుతుందో లేదో ఎవరికెరుక? గట్టిగా అనకు. దండనాయకుడికి చెబితే నీ మడి పోతుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నా నడుం పోతుంది. మొదటివాణ్ణి నేనే గదా!" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అతను వెళ్ళాక నూకాలు మడిలోకి పోయి మొక్క మొక్కనూ తడిమి చూసుకుంది.

విజయదశమి మూడు రోజులుందనగా, కోటగోడ దగ్గర పరీక్ష పెట్టారు. రాజు వచ్చాడు. తాడుతో వీరమల్లు సిద్ధం. యాభై మంది భటులు బారులు తీరారు. అందరికన్న ముందు సింగన్న. నూకాలు ఆ జీవిని భుజం మీద ఎక్కించుకొని వచ్చింది.

"మహారాజా, ఇది ఉడుము కాదు" అంది. "నేనే తెలియక ఆ మాటన్నాను. ఇది ఆకులు తిని ఎండ కాచుకునే సాధుజీవి. దీన్ని నమ్మి మనుషుల్ని గోడ ఎక్కించకండి."

వీరమల్లు పకపకా నవ్వాడు. "ఉడుముకు తోటకూర పెట్టి పిరికిదాన్ని చేసి, ఇప్పుడు ఉడుమే కాదంటోంది! రేపు నా గుర్రానికి పులుసు పోసి అది గుర్రం కాదంటావా?"

భటులందరూ నవ్వారు. రాజు నవ్వలేదు. "సింగన్నా, నువ్వేమంటావు?"

సింగన్న ముందుకొచ్చాడు. "అక్క చెప్పిందే నిజం దొరా."

"ఇద్దరూ ఇద్దరే!" అని వీరమల్లు ముందుకు దూకి, నూకాలు భుజం మీదికి పైనుంచి చెయ్యి వేశాడు. అది గింజుకొని కిందికి ఉరికింది. అతను వంగి తోక దొరకబుచ్చుకొని బలంగా గుంజాడు.

పుటుక్కుమంది.

తోక అతని చేతిలో ఉండిపోయింది. ఉండి, వానపాములా మెలికలు తిరుగుతోంది. తోక లేని జీవి రాళ్ళ సందులు పట్టుకొని గోడ పైదాకా పాకిపోయి అక్కడ బిగుసుకుపోయింది. నూకాలు "అమ్మో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చూశారా! ఎక్కింది మహారాజా, ఎక్కింది!" అన్నాడు వీరమల్లు.

"ఎక్కింది" అన్నాడు రాజు. "ఒక్క గుంజుకు ఊడే జీవికి యాభై మంది ప్రాణాలు వేలాడదీయబోయావు. ముందు ఆ తోక కింద పెట్టు."

భటులు వలలు తెచ్చారు. పైన గోడ అంచు, అవతల అగడ్త. అదిలిస్తే దూకేస్తుంది. నూకాలు ఎవరినీ కదలవద్దని చేతులు జోడించి, మెట్ల మీదుగా పైకి వెళ్ళింది. బారెడు దూరంలో కూర్చుంది. దాని వైపు చూడకుండా, చెయ్యి రాతి మీద ఆనించి పక్కకు చాచింది. అది రాదేమో. ఇన్నాళ్ళ నమ్మకం ఆ ఒక్క గుంజుతో తెగిపోయిందేమో. ఎండ నెత్తికెక్కింది.

చాలాసేపటికి, వేళ్ళ మీద సన్నని గోళ్ళు ఆనాయి.

ఆమె కిందికి దిగి వచ్చాక రాజు మెల్లగా అడిగాడు: "ఏం మంత్రం వేశావమ్మా?"

"మంత్రమేముంది దొరా? అది ఏమిటో నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఆ తరువాత అదే నేర్పింది."

కొండకోట రాజు మనసేమిటో తనకూ తెలియదు గదా అనుకున్నాడు రాజు. ఆ విజయదశమికి దండు కదలలేదు. కానుకలతో ఒక రాయబారి కదిలాడు. తిరిగొచ్చి, "ఆయన కూడా మనం వస్తామని నిద్రపోవడం లేదట మహారాజా" అని చెప్పాడు. మడి నూకాలుకే ఉండిపోయింది. నెల తిరిగేసరికి పచ్చజీవికి పొట్టిగా, నల్లగా కొత్త తోక మొలిచింది. తరువాతెప్పుడో వచ్చిన ఓడవాళ్ళు దాన్ని ఇగువానా అంటారని చెప్పారు. ఆ పేరు పలకలేక సింగన్న నాలుక మడతపడిందే గాని, అతని నడుం మాత్రం నిక్షేపంగా ఉంది.

పిల్లలూ, ఏ ప్రాణినైనా మనకు కావలసిన పేరు పెట్టి లొంగదీయబోతే చేతిలో తోకే మిగులుతుంది. దాని తీరు తెలుసుకొని ఓపికగా సాకితే అదే మన చేతికి వస్తుంది.