ఏడూళ్ళ కట్టుబాటు

సూటిగా ప్రశ్న వేస్తే సూటిగా జవాబు చెప్పే అలవాటు భుజంగం పంతులుగారికి లేదు. "శాస్త్రం ఏమంటుందండీ?" అని అడిగినవాడికి శాస్త్రం తప్ప మిగతావన్నీ చెప్పేవారు. ఆయన ఉత్తరీయం సర్దుకుని గొంతు సవరించుకుంటే చాలు, కథ వస్తోందని శిష్యులు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. ఒక్క కథ మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వంశధార ఒడ్డున ఏడూళ్ళకు కరణీకం చేసిన మనిషి, ముప్పై నాలుగో ఏట దాన్ని వదులుకుని ఇలా వచ్చి పాఠాలు ఎందుకు చెప్పుకుంటున్నారో ఎవరికీ తెలియదు.

వామనమూర్తి అడగబట్టి అదీ బయటికి వచ్చింది. అతనికి సంస్థానం కచేరీలో కొత్తగా ఉద్యోగమైంది. దిక్కులేని పిల్లల రక్షణకు నిబంధనలు రాయడం అతని పని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంకా ఉద్యోగంలో చేరకముందే పదహారు నిబంధనలు రాసి తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"గురువుగారూ, వీటిలో అన్యాయమైనది ఒక్కటున్నా చెప్పండి, కొట్టేస్తాను. అసలు న్యాయమైన శాసనం ఏదో, అన్యాయమైనది ఏదో గుర్తుపట్టడం ఎలాగండీ?"

పంతులుగారు కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు. "బాగా రాశావు నాయనా. నేనూ బాగానే రాశాను" అని, ఉత్తరీయం సర్దుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పినదే ఇది.

ఆ ఏడూళ్ళలో ఒక పాత ఆచారం ఉండేది. ఎవరి రొమ్ముపాలు తాగితే వారి బిడ్డే. కన్నతల్లి చచ్చిపోయిన పిల్లలకు అమ్మ దొరకడానికి ఏ పుణ్యాత్ములో పెట్టిన ఆచారం అది. కానీ మంచి ఆచారం పెద్దింటి గడప ఎక్కితే ఏమవుతుందో తెలిసిందే కదా. గౌరి అనే కూలిమనిషి ఊడ్పులకు పోతూ నెలల పిల్లాణ్ణి భూస్వామి ఇంటి అరుగు మీద పడుకోబెట్టి వెళ్ళేది. బిడ్డ పోయిన ఆ ఇంటి కోడలు వాడికి నాలుగు రోజులు పాలిచ్చి, వాడు నా బిడ్డేనంది. పంచాయితీ కూడా అవునంది. గౌరి ఆ ఇంటి గోడచుట్టూ తిరిగి తిరిగి, చివరికి మతి చెడి ఎటో వెళ్ళిపోయింది.

అప్పుడు భుజంగం పంతులు కొత్త కరణం. వయసులో ఉన్నవాడు, నెత్తురు ఉడికిపోయింది. ఆచారాన్ని వేళ్ళతో సహా పీకడం తనవల్ల కాదనుకున్నాడు. అందుకని దాని చుట్టూ కంచె కట్టాడు. కన్నతల్లి దగ్గర లేని బిడ్డకు మరే ఆడదీ రొమ్ము ఇవ్వకూడదు. ఎక్కడైనా బిడ్డ దొరికితే చావడిలో ఉంచి, ఆవుపాలు పట్టి, ఏడూళ్ళలోనూ మూడు రోజులు దండోరా వేయించాలి. గడువు దాటాకే ఎవరైనా పెంచుకోవచ్చు. మీరినవాళ్ళకు ఊరి వెలి. పెద్దలను దీనికి ఒప్పించడానికి ఆయన ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగాడు. ఆ తరవాత ఆరేళ్ళు ఏ కూలితల్లి బిడ్డా పోలేదు. ఆడవాళ్ళు ఆయన కనిపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టేవారు, ఆయన కాస్త పొంగిపోయేవాడు కూడా.

ఏడో ఏట, సంత చెదిరాక, బళ్ళు విప్పే చోట గోనెపట్టా మీద ఒక ఆడపిల్ల దొరికింది. నెల దాటి ఉండదు. తలారి పైడయ్య తెచ్చి చావడిలో పడుకోబెట్టాడు. కరణం అన్నీ కట్టుబాటు ప్రకారమే చేయించాడు. తన ఇంటి ఆవుపాలే పంపాడు, భార్య చేత ఉగ్గుగిన్నె పంపించాడు. పిల్ల తాగింది తాగినట్టే కక్కేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఏడుపు సన్నబడింది.

ఆ మధ్యాహ్నమే ఊళ్ళో ఉండే అసిరి వచ్చి కరణంగారి అరుగు కింద నిలబడింది. తొమ్మిది రోజుల కిందటే ఆమె బిడ్డ జ్వరంతో పోయింది. పైట తడిసి ఉంది.

"బాబూ, పిల్లకి గొంతు తడారిపోతంది. నాకు పాలు కారిపోతన్నాయి. ఒక్కపాలి ఇచ్చీమంటారేటి? పిల్ల నాకొద్దు బాబూ. తల్లొస్తే తీసుకుపోనీండి."

"నీమీద నాకు అనుమానం లేదే అసిరీ" అన్నాడు కరణం. నిజంగానే లేదు. "కానీ ఇవాళ నీకు సడలిస్తే రేపు పెద్దింటివాళ్ళు అడుగుతారు. అప్పుడు ఇంకో గౌరి గోడచుట్టూ తిరుగుతుంది. రేపు సాయంత్రానికి గడువు తీరిపోతుంది. ఆ పిల్లను నువ్వే తీసుకెళ్ళి పెంచుకుందువుగాని. ఒక్కరోజు ఓర్చుకో."

అసిరి ఆయన మాట నమ్మింది. ఏడూళ్ళలో అందరూ ఆయన మాట నమ్మేవారు. వెళ్ళి చావడి మెట్టుమీద కూర్చుంది, పిల్లకు రెండు బారల దూరంలో. పిల్ల మూలిగినప్పుడల్లా ఆమె పైట తడిసేది. లోపల పైడయ్య ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చుని, ఆమె వైపు చూడలేక గోడవైపు తిరిగాడట. అతను ఒక్క ఘడియ బయటికి నడిచి వెళ్ళినా సరిపోయేది. అతనూ మంచివాడే, కట్టుబాటు తెలిసినవాడు.

మూడోరోజు పొద్దు నడినెత్తికి రాకముందే పిల్ల పోయింది. తల్లి ఎవరో ఇప్పటికీ తెలియదు. దండోరా మాత్రం సాయంత్రం దాకా ఏడూళ్ళలోనూ మోగింది, ఎందుకంటే ఆపమని చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రాత్రి కరణం అన్నం తినలేదు. తెల్లారాక కట్టుబాటు కాగితం తీసి, చివర ఒక వాక్యం చేర్చాడు: బిడ్డ ప్రాణం మీదికి వస్తే ఎవరైనా పాలివ్వవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఆ మాట ముందుగా అసిరికే చదివి వినిపించాలనిపించి, ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

అసిరి తిట్టలేదు. తలవంచుకుని అంతా విని ఇలా అంది: "తప్పు నాదే బాబూ. నాను మిమ్మల్ని అడగడానికొచ్చినాను. పిల్లకి పాలియ్యడానికి ఒకర్ని అడగడమేటి? అడక్కుండా ఇచ్చీవలసింది. అడిగి సంపీసినాను."

పంతులుగారు అక్కడ ఆపారు. ఆ నెలలోనే కరణీకం కాగితాలు అప్పగించేసినట్టు మాత్రం చెప్పారు.

వామనమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు. తన పదహారు నిబంధనలు ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూడలేకపోయాడు. ఉండబట్టలేక, "అదేమిటండీ గురువుగారూ! తప్పు ఆవిడది కాదు కదా!" అన్నాడు.

"నేనూ ఆ మాటే చెప్పాను నాయనా," అన్నారు పంతులుగారు. "వెళ్ళినప్పుడల్లా చెప్పాను. ఆమె బతికినన్నాళ్ళూ నమ్మలేదు."